నాన్న పడుకున్నాడు

ఇద్దరూ సంపాదిస్తున్నారు, ఇంకేం లోటు అని చుట్టాలు అంటూ ఉండేవాళ్లు. ఆ మాట అబద్ధమేమీ కాదు. అతను బేకరీలో రొట్టెలు కాల్చేవాడు. ఆమె రక్తపరీక్షల సెంటర్లో రక్తం తీసేది. లోటల్లా ఒక్కటే. ఇద్దరూ మెలకువగా, ఒకే గదిలో, ఒకేసారి ఉండటమన్నది ఆ ఇంట్లో పెద్ద విశేషం.

బేకరీ పని రాత్రి పని. ఊరు నిద్ర లేచేసరికి రొట్టె కొట్టుకి చేరాలి కాబట్టి, పొద్దు గుంకకముందే అతను బయల్దేరేవాడు. తెల్లారాక కనుబొమ్మల్లో కూడా పిండితో ఇంటికొచ్చేవాడు. ఆమె పని సరిగ్గా అప్పుడే మొదలయ్యేది. రక్తం ఇచ్చేవాళ్లు పరగడుపున వస్తారు. ఆకలితో, చిరాకుతో, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని వరసలో నిలబడి ఉంటారు. వాళ్లని తొమ్మిది దాకా ఆగండి అనడానికి లేదు. అందుకని అతను సందు మలుపు తిరిగేసరికి ఆమె ఎదురయ్యేది. సంసారమంతా ఆ మలుపులోనే మాట్లాడుకునేవాళ్లు.

"పాలు కాచి పెట్టా."

"కరెంటు బిల్లు?"

"కట్టేశా. చిన్నాడికి ముక్కు కారుతోంది, చూడండి."

అంతే. ఆమె అటు, అతను ఇటు. సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి అతను పనికి వెళ్లడానికి చెప్పులు తొడుక్కుంటూ ఉండేవాడు.

బడి ఉన్నన్నాళ్లు ఈ బండి ఎలాగో నడిచింది. అతను వచ్చి పిల్లలిద్దర్నీ బడిలో దింపి, ఒళ్లు మరిచి నిద్రపోయి, బడి వదిలే వేళకి లేచేవాడు. కూతురికి తొమ్మిదేళ్లు. ఇంట్లోవాళ్లకీ ఇరుగుపొరుగుకీ ఆ పిల్ల అమ్మడే. కొడుక్కి ఆరేళ్లు, వాడు పండు. ఎండాకాలం సెలవులకి మాత్రం పిల్లల మేనత్త వచ్చి ఉండేది. సంచి నిండా బట్టలతో దిగి, బడి తెరిచేదాకా ఇల్లు తన చేతిలోకి తీసుకునేది. పిల్లలు ఆమె రాకకోసం సెలవులకన్నా ఎక్కువ ఎదురుచూసేవాళ్లు.

ఈసారి ఆవిడకి చెప్పుల షాపులో ఉద్యోగం దొరికింది. నలభై దాటాక మొదటి ఉద్యోగం.

"అన్నయ్యా, నువ్వేమీ అనుకోవుగా?" అంది ఫోన్లో.

"ఏమనుకుంటానే పిచ్చిమొహమా! ఎంత మంచి వార్త చెప్పావ్!" అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. ఫోన్ పెట్టేశాక అలాగే గోడకేసి చూస్తూ నిలబడిపోయాడు. భార్య వెనకనించి వచ్చి, "ఇప్పుడెలా?" అంది.

పిల్లల బడిలోనే సమ్మర్ క్యాంప్ పెడుతున్నారని తెలిసి, ఒక ఆదివారం నలుగురూ కలిసి వెళ్లారు. వరండాలో బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఎంత మర్యాదగా మాట్లాడిందంటే, ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"ఈత, బొమ్మలు గీయడం, రోబోలు, వ్యక్తిత్వ వికాసం. అన్నీ ఉన్నాయండీ."

"ఎన్నింటిదాకా ఉంచుతారండీ?" అని ఆమె అడిగింది.

"తొమ్మిది నుంచి పన్నెండున్నర."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీరు ఇంటికి తీసుకెళ్లిపోతారు కదండీ!" అంది ఆవిడ. ఇల్లన్నాక ఎవరో ఒకరు ఉంటారు కదా, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

"సాయంత్రం దాకా ఉండేది లేదా?"

"ఎందుకు లేదండీ? ఫుల్ డే ఉంది. భోజనం మాదే. మధ్యాహ్నం కాసేపు పడుకోబెడతాం కూడా."

"అయితే నన్ను చేర్చుకోండి" అన్నాడు అతను. ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే కాగితం ఇటు తిప్పి, ఫీజు ఉన్నచోట వేలు పెట్టి చూపించింది. "ఇద్దర్ని చేరిస్తే రెండోవాళ్లకి కొంచెం తగ్గిస్తాం" అంది. అతని నవ్వు సగంలో ఆగింది.

నలుగురూ గేటు దాటి బయటికొచ్చారు.

"ఇద్దరికీ కలిపితే నీ జీతం మొత్తం పోతుంది" అన్నాడు.

"నా జీతమే ఎందుకు పోవాలి? మీ జీతంలోంచి పోతుందని ఎందుకనరు?"

"ఎవరిదైతే ఏం, ఒకటేగా."

"ఒకటే అయితే మీదనే అనండి."

ఇంటి అద్దె అతని జీతంలోంచి పోతుంది. తిండి, బడి, మందులు ఆమె జీతంలోంచి. ఎటునుంచి లాగినా దుప్పటి కాళ్ల దగ్గరో తల దగ్గరో ఖాళీ అయ్యేది. పండు మధ్యలో దూరి, "నాన్నా, రోబోని మనమే చేసి ఇంటికి తెచ్చుకోవచ్చా?" అని అడిగాడు. అమ్మడు వాడి చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కెళ్లింది. అది తొమ్మిదేళ్ల పిల్లే అయినా, ఆ ఫీజు చదవగలదు.

ఆ సాయంత్రం అతనే తేల్చేశాడు. "పగలు నేనుంటాగా ఇంట్లో."

"ఉంటారు, గురక పెడుతూ."

"ఉండటం ఉండటమేగా. ఎక్కడికో పోవట్లేదుగా, తలుపు అవతలే ఉంటా. పిలిస్తే లేస్తా. పెద్దది ఉంది, వాణ్ని అదే చూసుకుంటుంది."

ఆమెకి వేరే దారి తోచలేదు. తోచి ఉంటే చెప్పేదే.

మొదట్లో పిల్లలు పిలిచారు. సీసా మూత రాదు, నాన్నా. గోడమీద పిల్లి కూర్చుంది, నాన్నా. నా వంతు వచ్చినా అక్క ఇవ్వట్లేదు. అక్క నన్ను చూసి నవ్వుతోంది. నవ్వట్లేదు నాన్నా, నా మొహమే అంత. అతను ప్రతిసారీ లేచాడు. మూత తీశాడు, పిల్లిని చూశాడు, తీర్పు చెప్పాడు, మళ్లీ వాలాడు. కళ్లు మూతపడేలోపు మళ్లీ తలుపు కిర్రుమనేది. పడుకోవడమైతే పడుకున్నాడు గానీ నిద్ర అన్నదాన్ని ముక్కలు చేసి కాకులకు వేసినట్టయింది.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున సందు మలుపులో అతను నవ్వుతూ ఎదురొచ్చాడు. చొక్కా కుడి చెయ్యి మోచేతి దాకా చిరిగి వేలాడుతోంది.

"ఏమైంది?" అంది ఆమె.

"ఏం లేదు. పిండి కలిపే మిషన్లో పడింది చెయ్యి... చెయ్యి కాదులే, చొక్కా. కునుకు పట్టిందో ఏమో. పక్కనున్నవాడు స్విచ్ ఆపేశాడు. మా ఓనరు ఏమన్నాడో తెలుసా? 'ఏమయ్యా, రొట్టెలో చెయ్యి కలిపి అమ్మమంటావా నన్ను' అన్నాడు." అది చెప్పి మళ్లీ నవ్వాడు. ఓనరు ఆ తర్వాత అన్న మాట మాత్రం చెప్పలేదు. నిద్రపోకుండా పనిలోకి వస్తే గేటు దగ్గరనుంచే వెనక్కి పంపేస్తానన్నాడు ఆయన.

ఆమె నవ్వలేదు. ఆ చిరిగిన చొక్కా చెయ్యిని ఒకసారి పట్టుకు చూసి, పనికి ఆలస్యమవుతున్నా సరే, గబగబా వెనక్కి ఇంటికి నడిచింది. అప్పుడే లేచి, కళ్లు నులుముకుంటున్న అమ్మడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మడూ, నాన్నని లేపకూడదు. నాన్నకి నిద్ర చాలకపోతే మిషన్లో చెయ్యి పోతుంది. తెలిసిందా?"

"ఏదైనా అవసరమైతే?"

"మరీ అవసరమైతేనే."

అమ్మడు తల ఊపింది. మరీ అవసరం అంటే ఏమిటో ఆ పిల్ల అడగలేదు. తల్లి చెప్పలేదు. బయట ఆమె బస్సు వచ్చే వేళయింది.

ఆ రోజు నించి ఆ ఇల్లు మారిపోయింది. పిల్లలు మునివేళ్ల మీద నడవడం నేర్చారు. టీవీ పెట్టుకునేవాళ్లు గానీ సౌండు తీసేసేవాళ్లు. తెరమీద ఎలుగుబంటి నోరు కదిపితే అమ్మడు పండు చెవిలో దాని మాటలు తనే కల్పించి చెప్పేది. కొన్నాళ్లకి ఆ కల్పించినవే వాడికి అసలువాటికన్నా నచ్చాయి. పండుకి తుమ్ము వస్తే పరుగెత్తి దిండులో మొహం పెట్టేవాడు. పళ్లేలు కడిగేటప్పుడు సింకులో కింద గుడ్డ పరిచేవాళ్లు. ఎవరైనా వస్తే రెండోసారి బెల్ కొట్టేలోపే అమ్మడు తలుపు తీసి, వచ్చినవాళ్లెవరైనా సరే, వేలు పెదాలమీద పెట్టి, "నాన్న పడుకున్నాడు" అనేది.

అతని ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం దాకా చెట్టు కొట్టేసినట్టు పడి నిద్రపోయేవాడు. బేకరీలో అందరికీ చెప్పుకున్నాడు. "మా పిల్లలంత బుద్ధిమంతుల్ని ఎక్కడా చూసుండరు. ఇంట్లో ఉన్నారో లేరో కూడా తెలియదు" అని. "మా ఇంటికి పంపవయ్యా, మావాళ్లకి ట్రైనింగ్ ఇస్తారు" అన్నాడు ఓనరు.

ఆమెకి మాత్రం ఏదో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఒక మధ్యాహ్నం పని తొందరగా ముగిసి, తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికొస్తే ఇంట్లో చడీ చప్పుడూ లేదు. పిల్లలేరీ అని వంటింట్లోకి చూసింది. వంగి చూస్తే బల్ల కింద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుంటున్నారు. చేతులు ఊగుతున్నాయి, పెదాలు కదులుతున్నాయి, కళ్లల్లో కోపం ఉంది, గొంతు మాత్రం లేదు.

"గట్టిగా మాట్లాడుకోండర్రా" అంది.

"నాన్న పడుకున్నాడు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే, గుసగుసగా. తను కూడా ఆ మాట గుసగుసగానే అన్నానని ఆమెకి అప్పుడు తెలిసింది.

అది జరిగిన రోజు ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం దాటాక అతనికి దానంతటదే మెలకువ వచ్చింది. బాగా నిద్రపట్టిందని ఒళ్లు విరుచుకున్నాడు. హాల్లోకి వస్తే పిల్లలు లేరు. బాత్రూంలో పంపు ధారగా పడుతున్న చప్పుడు. "ఎవరర్రా నీళ్లు వదిలేసింది?" అంటూ తలుపు తోశాడు.

పండు బోర్లించిన బకెట్ మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయి సున్నం కొట్టినట్టుంది. నోట్లో తువ్వాలు కొస గట్టిగా కరిచి పట్టుకున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో ఉంది. మోచెయ్యి ఉండాల్సిన చోట ఉబ్బిపోయి ఏదో వంకర ముద్ద ఉంది. అమ్మడు వాడి ఎడం చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి పంపు మీద పెట్టి నిలబడి ఉంది. ఏడుపు బయటికి వినపడకుండా ఉండటానికి పంపు తిప్పింది.

తండ్రిని చూడగానే ఆ పిల్ల, "సారీ నాన్నా, లేపేశామా?" అంది.

"ఏమైందే? ఎప్పుడు పడ్డాడు?"

"పొద్దున. పాలు తాగాక. బీరువా మీదున్న బంతికోసం కుర్చీ ఎక్కాడు."

"పొద్దున్నా? మరి నన్ను లేపలేదేం?"

"రక్తం రాలేదు నాన్నా. రక్తం వస్తే లేపుదామనుకున్నా."

పిల్లాణ్ని భుజాన వేసుకుని చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. అమ్మడు ఇంటికి తాళం వేసి, అతని చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే పరుగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసువాడు. నవ్వుతూ వచ్చి, పండు మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టాడు. వేళ్లు అటూ ఇటూ జరిపి చూశాడు. గోళ్లు నొక్కి చూశాడు. నవ్వు పోయింది.

"ఎప్పుడు జరిగింది?"

"పొద్దున్నండీ."

"పొద్దున జరిగితే ఇప్పుడా తీసుకొచ్చేది? ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉన్నానండీ" అన్నాడు అతను. "నేనే ఉన్నా."

డాక్టరు అతని వైపు చూశాడు. ముడతలు పడ్డ బనీను, చెరగని నిద్ర, గోళ్లలో పిండి. చేతికి రక్తం సరిగా అందట్లేదని, వెంటనే ఆపరేషన్ చేయాలని, ఎముక సరిచేసి తీగలు పెడతామని చెప్పి వెళ్లిపోయాడు.

ఆమె పనిలోంచి తెల్లకోటుతోనే వచ్చింది. లోపల నర్సు పండుకి సూది గుచ్చుతోంది. రోజుకి ఎందరికో చీమ కుట్టినట్టు ఉంటుందంతే అని చెప్పి సూది దించే మనిషి, కొడుకు చేతి దగ్గరికి సూది వచ్చేసరికి గోడవైపు తిరిగిపోయింది.

వాణ్ని లోపలికి తీసుకెళ్లాక ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా ఎవరో తల్లి నిద్రపోతున్న పసిబిడ్డని జోకొడుతూ ఉంది. అతను నేలవైపు చూస్తూ, "లేపొద్దని నువ్వే చెప్పావు" అన్నాడు. అనేశాక నాలిక కొరుక్కోవాలనిపించింది.

"అవును. నేనే చెప్పా" అంది ఆమె. పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

మధ్యలో కూర్చున్న అమ్మడు ఇద్దరి మొహాలూ చూసింది. "నాదే తప్పు" అంది మెల్లిగా.

"కాదమ్మా. నీది కాదు" అంది తల్లి.

"మరి ఎవరిది?"

తల్లి పిల్ల జుట్టు చెవి వెనక్కి సర్దింది. అమ్మడు జవాబుకోసం తండ్రివైపు తిరిగింది. అతను బెంచీ కింద పెట్టిన చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. చెయ్యి నిలిచింది. రక్తం మళ్లీ పారింది. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం కలవట్లేదు. నరం దెబ్బతిందని, నెలలు పట్టవచ్చని, చాలామందికి దానంతటదే వస్తుందని డాక్టరు చెప్పాడు. "పొద్దున్నే తెచ్చుంటే ఇలా అయ్యేది కాదా?" అని ఆమె అడిగింది. "అయ్యేది కాదని చెప్పలేనమ్మా. అయ్యేదని కూడా చెప్పలేను" అన్నాడు. ఇంతకన్నా తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

ఆమె సెలవు పెట్టింది. ఉన్న సెలవులు అయిపోయాక జీతం లేని సెలవు పెట్టింది. సెంటర్ నడిపే డాక్టరమ్మ మంచి మనిషి. ఫోన్లో పండు గురించి వివరంగా అడిగింది, తెలిసిన పెద్ద డాక్టరు పేరు చెప్పింది. ఆఖర్న, "నాకూ పిల్లలున్నారు, నాకు తెలియదా? కానీ పొద్దున వరస నువ్వు చూస్తున్నదేగా. సోమవారం రాలేనంటే చెప్పు, ఏమీ అనుకోను. వేరే అమ్మాయిని తీసుకుంటా" అంది. అనుకోను అన్న మాటే బాగా తగిలింది.

అతను ఓనరు దగ్గరికెళ్లి పగటిపని ఏమైనా ఉందా అని అడిగాడు. "పగలు కౌంటర్లో కూర్చునేది మా బావమరిది. వాణ్ని లేపేసి నిన్ను కూర్చోబెడితే మా ఇంట్లో నాకు కూడు పెట్టరు" అన్నాడు ఆయన. ఆసుపత్రి ఖర్చుకి మాత్రం అడగకుండానే కొంత చేతిలో పెట్టాడు. అతను అది తీసుకుని చేతులు జోడించాడు.

కింది వాటాలో టైలరమ్మ ఉంది. సంగతి తెలిసి, "ఇద్దర్నీ నా దగ్గర వదిలెయ్ చెల్లీ. నా పిల్లలు కాదూ?" అంది. రెండురోజులు వదిలి చూశారు. బడి బట్టలు కుట్టించుకునే రోజులు కావడంతో ఆవిడ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒకపక్క కాలుతున్న ఇస్త్రీపెట్టె, ఒకపక్క కత్తెర్లు. మూడోరోజు పొద్దున్నే పైకొచ్చి, గుమ్మంలోనే నిలబడి కళ్లు తుడుచుకుంది.

"నా వల్ల కావట్లేదు చెల్లీ. వాడు కట్టు చెయ్యి వేసుకుని నా మిషను పక్కనే తిరుగుతుంటే నాకు కుట్టు తప్పుతోంది. మళ్లీ ఏదైనా అయితే నీకు నా మొహం చూపించలేను."

"ఫర్లేదక్కా" అంది ఆమె. "ఇన్నాళ్లు చూశావు, అదే పదివేలు." ఇన్నాళ్లంటే రెండురోజులే.

క్యాంపావిడకి ఎవరి ద్వారానో తెలిసింది. అమ్మడికి సగం ఫీజుకే చోటిస్తానంది. చేతిలో తీగలున్న పిల్లాణ్ని మాత్రం తీసుకోవడానికి తమ రూల్స్ ఒప్పుకోవంది. అమ్మడు తను వెళ్లనంది. "నేను వెళ్తే పండుని ఎవరు చూస్తారు?" అంది. ఆ మాట విని మెచ్చుకోవాలో తల బాదుకోవాలో వాళ్లకి తెలియలేదు.

మేనత్త ఏడుస్తూ ఫోన్ చేసింది. "మానేసి వచ్చేస్తా అన్నయ్యా. పోతే పోయింది వెధవ ఉద్యోగం."

'రా' అన్న మాట అతని నోటిదాకా వచ్చింది. మొన్ననే చెల్లెలు షాపువాళ్లిచ్చిన చొక్కా తొడుక్కుని, జడ వేసుకుని, చెప్పుల అరల ముందు నిలబడి ఫోటో పంపింది. అందులో చిన్నపిల్లలా నవ్వుతోంది. "వద్దులే. ఏదో ఏర్పాటు చేశాం" అన్నాడు.

ఏర్పాటు ఏమీ లేదు. సోమవారం వచ్చింది. ఆసుపత్రి బిల్లు తర్వాత ఆమె జీతం లేకుండా నెల గడవదన్నది వాళ్లు కూర్చుని మాట్లాడుకోవాల్సినంత విషయం కూడా కాదు. తెల్లవారుజామునే ఆమె తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుంది. అమ్మడి ముందు మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది.

"ఏం జరిగినా నాన్నని లేపాలి. చిన్నదైనా, పెద్దదైనా. ఏం లేకపోయినా లేపాలి. సరేనా?"

"మరి మిషన్లో చెయ్యి?"

"పోదు."

"ఎందుకు పోదు?"

"పోదంటే పోదు" అంది ఆమె. అని, పిల్ల కళ్లలోకి చూడలేక లేచి నిలబడింది.

అతను వచ్చాడు. ఆ రోజు గదిలోకి వెళ్లి పడుకోలేదు. చాప హాల్లోకి తెచ్చి, వీధి తలుపుకి అడ్డంగా వేసుకున్నాడు. వంటింటి గొళ్లెం పెట్టాడు. కుర్చీలన్నీ గదిలో పెట్టి తాళం వేశాడు. తర్వాత పిల్లలిద్దర్నీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఇవాళ్టినించి మీరు గోల చేయాలి. బాగా అరవాలి. ఇల్లు ఎగిరిపోవాలి."

పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"ఏమని అరవాలి నాన్నా?" అని పండు గుసగుసగా అడిగాడు.

"ఏదో ఒకటిరా. పాట పాడండి."

ఏ పాటా గుర్తు రాలేదు. అమ్మడు కాసేపు ఆలోచించి, బళ్లో అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని రెండో ఎక్కం ఎత్తుకుంది. రెండు ఒకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు. పండు గొంతు కలిపాడు. అతను తలుపుకి వీపు ఆనించి కూర్చుని వింటున్నాడు. భలే, ఇంకా గట్టిగా, అంటున్నాడు. మూడో ఎక్కం వచ్చింది. అతను లేచి మొహం మీద నీళ్లు కొట్టుకుని వచ్చాడు. టీ పెట్టుకుని తాగాడు. పిల్లలకి రొట్టె కోసి పెట్టాడు. పండు ఎడం చేత్తో తింటుంటే చూశాడు. వాడు కుడిచేతి వేళ్లతో ముక్క పట్టుకోబోయి, పట్టు చిక్కక, ఎవరూ చూడలేదనుకుని ఎడంచేతిలోకి మార్చుకున్నాడు.

"నాలుగోది చెప్పండి" అన్నాడు.

చెప్పారు. ఐదోది కూడా చెప్పారు. ఐదో ఎక్కం జోలపాటలా ఉంటుంది, ఎటు తిరిగినా సున్నా లేకపోతే అయిదు. రాత్రంతా ఓవెన్ ముందు నిలబడ్డ కాళ్లు బరువెక్కాయి. కళ్లు మూయకూడదు అనుకున్నాడు. గోడమీద ఒక మరకని చూస్తూ ఉండాలనుకున్నాడు. మరక కరిగింది. తల ఒకపక్కకి వాలింది. పిల్లల గొంతులు దూరంనించి వస్తున్నట్టయ్యాయి. అంతలో ఒక గొంతు తగ్గింది, తర్వాత రెండోది తగ్గింది. ఆపకండర్రా అని చెప్పాలనుకున్నాడు. నాలిక తిరగలేదు. ఒకదాని తర్వాత ఒకటి మునివేళ్ల అడుగులు పక్కకి వెళ్లడం అతనికి వినపడింది. తర్వాత అదీ వినపడలేదు.

పనిలో అడిగి ముందే బయల్దేరి, మధ్యాహ్నం ఎండలో ఆమె పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. తాళంచెవి తిప్పి తలుపు తోసింది. తలుపు కొంచెమే కదిలి ఆగింది. అవతల ఏదో బరువు అడ్డం ఉంది. ఆ కాస్త సందులోంచి చూస్తే అతని భుజం కనిపించింది, పక్కకి వాలిపోయిన తల కనిపించింది. లోపల హాలు మధ్యలో పండు పడుకుని బొమ్మ గీస్తున్నాడు. పెన్సిల్ ఎడం చేతిలో ఉంది. పక్కనే అమ్మడు వాడి కట్టు చెయ్యి కింద దిండు పట్టుకుని కూర్చుంది.

అలికిడికి అమ్మడు తలెత్తి తల్లిని చూసింది. చూసి, వేలు పెదాలమీద పెట్టింది.

తలుపు గట్టిగా తోస్తే అతను లేస్తాడు. ఇంకాసేపట్లో ఎలాగూ లేపాలి, అతను పనికి వెళ్లాలి. లేపి, ఇదేనా చూసుకోవడం అని అడగాలని ఆమెకి గొంతుదాకా వచ్చింది. సందులోంచి వెచ్చగా రొట్టెవాసన వస్తోంది, అతని ఒంటిదే. ఆమె చెయ్యి తలుపు మీదే ఉంది, తోయలేదు, తియ్యలేదు. కాళ్లు పీకుతుంటే చివరికి గుమ్మం బయటే, ఎండ పడుతున్న మెట్టు మీద, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బడి తెరవడానికి ఇంకా చాలా రోజులున్నాయి.